ఆర్డర్ వచ్చింది, లెక్కలో పడలేదు: ఆన్‌లైన్ స్టోర్ ఎనలిటిక్స్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. స్టోర్‌లో ఆర్డర్లు ఒక సంఖ్య, గూగుల్ ఎనలిటిక్స్ 4 (జీఏ4)లో పర్చేజ్‌లు, అంటే అది నమోదు చేసే అమ్మకాలు, ఇంకో సంఖ్య. జవాబుల్లో ట్రాన్సాక్షన్ ఐడీ, వేల్యూ, కరెన్సీ, ఐటమ్స్ లాంటి పేర్లను తెలుగులోనే రాశాం. కోడ్‌లో మాత్రం అవి ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండాలి. రెండు మాటల పేరైతే మధ్యలో ఖాళీకి బదులు అండర్‌స్కోర్ రావాలి. పర్చేజ్ అన్న ఈవెంట్ (సైట్‌లో జరిగిన ఒక పని నమోదు) పేరులో మొదటి అక్షరం పెద్దది పడితే చాలు, జీఏ4 దాన్ని అమ్మకంగా చూడదు. మీరు సొంతంగా పెట్టుకున్న ఏదో మామూలు ఈవెంట్ అనుకుంటుంది.

ప్రశ్న: ట్యాగ్ మేనేజర్‌లో (సైట్‌లో ట్రాకింగ్ కోడ్‌లను నడిపే గూగుల్ పనిముట్టు) పర్చేజ్ ట్యాగ్ (అమ్మకాన్ని జీఏ4కు పంపే కోడ్) పెట్టాం. స్టోర్‌లో రోజూ ఆర్డర్లు పడుతున్నాయి, జీఏ4లో మాత్రం సున్నా. ఎక్కడి నుంచి వెతకాలి?

జవాబు: మొత్తాలు చూస్తూ కూర్చుంటే ఏదీ తేలదు. ఒక్క ఆర్డర్ పట్టుకోండి. మీరే ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి, దాని నంబర్ రాసుకుని, ఆ నంబర్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోయిందో చూడండి. అది దాటాల్సిన గడపలు నాలుగు: డేటా లేయర్ (సైట్ తన వివరాలను ట్యాగ్ మేనేజర్ కోసం పెట్టే జాబితా), ట్యాగ్, బ్రౌజర్ బయటికి పంపే రిక్వెస్ట్, జీఏ4 డీబగ్ వ్యూ (పరీక్ష ఈవెంట్లను అప్పటికప్పుడు చూపే తెర).

ట్యాగ్ మేనేజర్‌కు పరీక్ష తెర అయిన ట్యాగ్ అసిస్టెంట్‌లో ప్రివ్యూ మొదలుపెట్టి ఆర్డర్ పూర్తి చేయండి. థ్యాంక్యూ పేజీ వచ్చాక ఎడమవైపు ఈవెంట్ల వరుసలో పర్చేజ్ అన్న పేరు కనిపించాలి. కనిపించలేదంటే తప్పు ట్యాగ్‌ది కాదు. సైట్ కోడే డేటా లేయర్‌లోకి ఏమీ పంపడం లేదు, కాబట్టి డెవలపర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇక్కడ తరచూ దొరికే తప్పు ఒకటుంది. పేజీలో కంటెయినర్ కోడ్ (ట్యాగ్ మేనేజర్‌ను లోడ్ చేసే కోడ్) తర్వాత ఎవరో డేటా లేయర్‌ను ఖాళీ జాబితాగా మళ్లీ ప్రకటిస్తారు. ట్యాగ్ మేనేజర్ కనిపెట్టుకుని ఉన్న పాత జాబితా అక్కడితో తెగిపోతుంది. ఆ తర్వాత పుష్ చేసినవేవీ, అంటే జాబితాలోకి తోసినవేవీ, దానికి చేరవు. ఉన్న జాబితా ఉంటే అదే వాడు, లేకపోతేనే కొత్తది చెయ్యి అన్న రూపంలో ఆ లైన్ ఉండాలి.

పర్చేజ్ లైన్ ఉండి ట్యాగ్ పేలకపోతే, అంటే నడవకపోతే, ట్రిగర్ (ట్యాగ్ ఎప్పుడు నడవాలో చెప్పే షరతు) చూడండి. చాలామంది థ్యాంక్యూ పేజీ అడ్రస్‌ను పట్టుకుని పేజ్ వ్యూ ట్రిగర్ పెడతారు. కంటెయినర్ పేజీ పైభాగంలో లోడవుతుంది, ఆర్డర్ వివరాలు పేజీ కింది భాగంలో పుష్ అవుతాయి. ట్యాగ్ పేలే వేళకు వివరాలు ఇంకా రాలేదు కాబట్టి వేల్యూ, ట్రాన్సాక్షన్ ఐడీ రెండూ అన్‌డిఫైన్డ్‌గా వెళ్తాయి. ట్రిగర్‌ను కస్టమ్ ఈవెంట్ రకానికి మార్చి, పేరు దగ్గర పర్చేజ్ అని, డేటా లేయర్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వండి. ట్యాగ్‌లో మోర్ సెట్టింగ్స్ కింద ఈకామర్స్ భాగంలో సెండ్ ఈకామర్స్ డేటా టిక్ చేసి, సోర్స్‌గా డేటా లేయర్ ఎంచుకోండి.

మూడో గడప బ్రౌజర్. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. పేమెంట్ పేజీకి వెళ్లి వచ్చే దారిలో పాత వరుసలు చెరిగిపోకుండా ప్రిజర్వ్ లాగ్ టిక్ చేయండి. వెతికే చోట కలెక్ట్ అని కొట్టండి. జీఏ4కు వెళ్లే రిక్వెస్ట్‌లో ఈఎన్ ఎదురుగా పర్చేజ్ ఉండాలి, టీఐడీ ఎదురుగా మీ మెజర్‌మెంట్ ఐడీ (డేటా ఏ జీఏ4 ప్రాపర్టీకి, అంటే లెక్కల ఖాతాకు, వెళ్లాలో చెప్పే కోడ్) ఉండాలి. టీఐడీని అక్షరం అక్షరం పోల్చండి. టెస్ట్ ప్రాపర్టీ ఐడీ లైవ్ కంటెయినర్‌లో అలాగే ఉండిపోయిన సందర్భాలు తక్కువేమీ కావు. ఈఎన్ కనిపించలేదని కంగారు పడకండి, నాలుగైదు ఈవెంట్లను జీఏ4 ఒకే మూటగా పంపినప్పుడు అవి పేలోడ్ ట్యాబ్‌లో లైన్ల వారీగా ఉంటాయి. స్టేటస్ 204 వస్తే మూట బయల్దేరినట్టే. బ్లాక్డ్ అని ఉండి పక్కన సీఎస్‌పీ అని కనిపిస్తే, చెకౌట్ పేజీకి పెట్టిన కంటెంట్ సెక్యూరిటీ పాలసీలో (పేజీ ఏ డొమైన్లతో మాట్లాడవచ్చో చెప్పే నియమం) కనెక్ట్ సోర్స్ జాబితాలో గూగుల్ ఎనలిటిక్స్ డొమైన్లు లేవన్నమాట. పక్కన అదర్ అని ఉంటే మీ బ్రౌజర్‌లో ఉన్న యాడ్ బ్లాకర్‌ను అనుమానించండి.

మూడూ దాటితే డీబగ్ వ్యూలో ఈవెంట్ వెంటనే కనిపించాలి. డీబగ్ వ్యూలో కనిపించినది మామూలు రిపోర్ట్‌లోకి రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. రెండు రోజులు గడిచినా రాకపోతే అడ్మిన్‌లో డేటా ఫిల్టర్స్ చూడండి. ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టర్ యాక్టివ్‌గా ఉంటే ఆఫీసు నెట్ నుంచి మీరు పెట్టిన ఆర్డర్‌ను అదే మింగేస్తుంది.

ఇంకొక్కటి, చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్పాలి. ప్రివ్యూలో అన్నీ బాగుండి లైవ్‌లో ఏమీ రాకపోతే, ముందు సబ్మిట్ నొక్కి కంటెయినర్ పబ్లిష్ చేశారో లేదో చూసుకోండి.

ప్రశ్న: పర్చేజ్‌ల సంఖ్య సరిగ్గానే వస్తోంది. రెవెన్యూ మాత్రం సున్నా. కొన్ని ఆర్డర్లకు వస్తుంది, కొన్నిటికి రాదు.

జవాబు: కొన్నిటికి వచ్చి కొన్నిటికి రాకపోవడమే మీకు దొరికిన ఆధారం. సున్నా వచ్చిన ఆర్డర్లు పెద్ద మొత్తాలవేమో చూడండి. 999 సరిగ్గా వెళ్లి 1,299 సున్నా అవుతుంటే దొంగ ఆ కామానే. స్క్రీన్ మీద చూపించడానికి అలంకరించిన మొత్తాన్నే, అంటే కామాతో, కొన్నిసార్లు కరెన్సీ గుర్తుతో సహా, టెంప్లేట్ డేటా లేయర్‌లోకి తోసేస్తోంది. మనిషి కంటికి అది సంఖ్య, కోడ్‌కు మాత్రం ఒట్టి అక్షరాల వరుస.

దీన్ని రిక్వెస్ట్‌లో కళ్లారా చూడొచ్చు. జీఏ4 సంఖ్యలకు ముందు ఈపీఎన్ అని, అక్షరాలకు ముందు ఈపీ అని తగిలిస్తుంది. ఈపీఎన్ చుక్క వేల్యూ ఎదురుగా 1299 ఉంటే సరే. ఈపీ చుక్క వేల్యూ ఎదురుగా 1,299.00 ఉంటే ఎన్ అన్న ఒక్క అక్షరం లేకపోవడమే మీ రెవెన్యూ పోవడానికి కారణం. సరిచేయాల్సింది సైట్ కోడ్‌లో. కామా, గుర్తు లేని, దశాంశానికి చుక్క మాత్రమే వాడిన సంఖ్యను, చుట్టూ కోట్స్ లేకుండా పంపాలి. దశాంశానికి కామా వాడే భాషల్లో స్టోర్ నడిపేవారికి ఇది మరీ ముఖ్యం.

అన్ని ఆర్డర్లకూ సున్నా అయితే కరెన్సీ చూడండి. వేల్యూ పంపి కరెన్సీ పంపకపోతే జీఏ4 రెవెన్యూ లెక్క కట్టదు. యూఎస్‌డీ, ఈయూఆర్, ఐఎన్‌ఆర్ లాంటి మూడక్షరాల అంతర్జాతీయ కోడే ఇవ్వాలి. గుర్తు పెట్టినా, కరెన్సీ పేరు పూర్తిగా రాసినా పనికిరాదు. రిక్వెస్ట్‌లో ఇది సీయూ అన్న పేరుతో కనిపిస్తుంది.

వేల్యూలో ఏం కలపాలన్న దానికీ ఒక పద్ధతి ఉంది. గూగుల్ చెప్పేది ఐటమ్ ధరను పరిమాణంతో గుణించి, అన్ని ఐటమ్‌లనూ కూడిన మొత్తం. పన్నుకు ట్యాక్స్, రవాణాకు షిప్పింగ్ అని వేరే పారామీటర్లు ఉన్నాయి, వాటిని వేల్యూలో కలపకూడదు. మీ స్టోర్ రిపోర్ట్‌లో రెండూ కలిపి ఉంటే జీఏ4 ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అది లోపం కాదు. కొన్ని ఆర్డర్లకు కలిపీ కొన్నిటికి కలపకుండా పంపితే మాత్రం ఆ లెక్కను ఇక దేనితోనూ పోల్చలేరు.

ప్రశ్న: రెవెన్యూ సరిగ్గా ఉంది, కానీ ఏ వస్తువు ఎంత అమ్ముడైందో చూపే రిపోర్ట్ ఖాళీ. ఒక్కోసారి కొనని వస్తువు కూడా కనిపిస్తోంది.

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు.

పర్చేజ్ రెవెన్యూ వేల్యూ నుంచి వస్తుంది. ఐటమ్ రెవెన్యూ ఐటమ్స్ జాబితాలోని ప్రైస్, క్వాంటిటీల నుంచి వస్తుంది. జాబితా ఖాళీగా వెళ్తే మొదటిది బాగుండి రెండోది సున్నా అవుతుంది. రిక్వెస్ట్‌లో పీఆర్1, పీఆర్2 అంటూ వస్తువుకో వరుస ఉండాలి. అవి లేకపోతే డేటా లేయర్‌లో ఈకామర్స్ కింద ఐటమ్స్ ఉందా, ప్రాడక్ట్స్ ఉందా చూడండి. ప్రాడక్ట్స్, యాక్షన్ ఫీల్డ్ అని ఉంటే అది యూనివర్సల్ ఎనలిటిక్స్ కాలపు పద్ధతి. ఆ పాత వ్యవస్థ మామూలు ప్రాపర్టీలకు 2023 జులై 1తో ఆగిపోయింది, కోడ్ మాత్రం చాలా సైట్లలో అలాగే ఉంది. జీఏ4 దాన్ని చదవదు. కొత్త జాబితాలో ప్రతి వస్తువుకూ ఐటమ్ ఐడీ, ఐటమ్ నేమ్ ఈ రెంటిలో కనీసం ఒకటి ఉండాలి. ఒక ఈవెంట్‌లో 200 వస్తువుల దాకా పడతాయి.

కొనని వస్తువు కనిపించడం పేజీ మారకుండానే అన్ని దశలూ జరిగిపోయే సైట్లలో ఎక్కువ. ముందటి ఈవెంట్‌లో తోసిన వస్తువులు డేటా లేయర్‌లో మిగిలిపోయి కొత్తవాటితో కలిసిపోతాయి. ప్రతి ఈకామర్స్ పుష్‌కూ ముందు ఈకామర్స్‌ను నల్ (ఖాళీ) చేస్తూ ఒక లైన్ పుష్ చేయండి. అంతే.

ప్రశ్న: మా సమస్య తలకిందులు. స్టోర్‌లో ఉన్న ఆర్డర్ల కన్నా జీఏ4లో పర్చేజ్‌లు ఎక్కువ. జీఏ4 నకళ్లను తనే ఏరేస్తుందని విన్నాం కదా?

జవాబు: ఏరేస్తుంది, కానీ ఒకే యూజర్ నుంచి ఒకే ట్రాన్సాక్షన్ ఐడీతో వచ్చినప్పుడు. ఆ రెంటిలో ఏది మారినా అది కొత్త అమ్మకమే.

ఎక్కువగా జరిగేది ఇది. స్టోర్ ప్లగిన్ ఒక పర్చేజ్ పంపుతుంది, ట్యాగ్ మేనేజర్ ఇంకొకటి పంపుతుంది. ప్లగిన్ ఐడీని హ్యాష్ గుర్తుతో #1045 అని పంపితే, ట్యాగ్ మేనేజర్ ఒట్టి 1045 అని పంపుతుంది. మనకు రెండూ ఒకటే, జీఏ4కు రెండు ఆర్డర్లు. ఎక్స్‌ప్లోర్‌లో కొత్త ఎక్స్‌ప్లొరేషన్ తెరిచి, ట్రాన్సాక్షన్ ఐడీని డైమెన్షన్‌గా, ఈవెంట్ కౌంట్, ఈకామర్స్ పర్చేజెస్, పర్చేజ్ రెవెన్యూలను మెట్రిక్‌లుగా పెట్టండి. ఈవెంట్ నేమ్ పర్చేజ్ అని ఫిల్టర్ వేయండి. ఐడీల వరుసను ఒకసారి కిందిదాకా చూస్తే చాలు, హ్యాష్ జంటలు కళ్లకు కట్టినట్టు దొరుకుతాయి. రెండింటిలో ఒక దారి మూసేయండి. మా మాట అడిగితే ప్లగిన్‌ను ఆపి ట్యాగ్ మేనేజర్ ఉంచుకోవడం మేలు, ఏం వెళ్తోందో మీ చేతిలో ఉంటుంది. ప్లగిన్ సర్వర్ నుంచి కూడా పంపుతుంటే మాత్రం ఆలోచించండి.

ఐడీ వరుసలో ఆర్డర్ నంబర్లకు బదులు పదమూడు అంకెల సంఖ్యలు కనిపిస్తే, ఎవరో పేజీ తెరిచిన సమయాన్నే ఐడీగా వాడారు. అలాంటి ఐడీ రీలోడ్ కొట్టిన ప్రతిసారీ కొత్తదే పుడుతుంది. ఆర్డర్ నంబర్ మాత్రమే ఐడీ కావాలి.

ఐడీ ఖాళీగా వెళ్లడం దీనికి పూర్తిగా ఎదురు. ఖాళీ కోట్స్ పంపితే జీఏ4 ఆ ఖాళీని కూడా ఒక ఐడీగానే తీసుకుని, అలా వచ్చిన అమ్మకాలన్నీ ఒకటేనని కొట్టేస్తుంది. లెక్క ఎక్కువ కాదు, కుప్పకూలుతుంది.

ఇక థ్యాంక్యూ పేజీ లింకు ఆర్డర్ ఈమెయిల్‌లో వెళ్తుంటే, కొన్నవారు ఫోన్‌లో కొని కంప్యూటర్‌లో మెయిల్ తెరుస్తారు. కుకీ (బ్రౌజర్‌లో దాచే గుర్తు) వేరు కాబట్టి జీఏ4 కంటికి వేరే యూజర్, ఐడీ ఒకటే అయినా ఏరదు. దీనికి మందు స్టోర్ వైపే ఉంది. మొదటిసారి పర్చేజ్ పంపగానే ఆర్డర్ రికార్డ్ మీద పంపేశాం అని ఒక గుర్తు వేసి, ఆ గుర్తున్న ఆర్డర్‌కు మళ్లీ పుష్ చేయకుండా ఆపాలి.

వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్లకు స్టోర్ ప్లగిన్) వాడేవారు ఇంకొకటి గమనించాలి. పేమెంట్ విఫలమైన ఆర్డర్‌కు కూడా అదే ఆర్డర్ రిసీవ్డ్ పేజీ వస్తుంది, వూకామర్స్ థ్యాంక్యూ అనే హుక్ (మన కోడ్ తగిలించే చోటు) అక్కడా పేలుతుంది. ఆర్డర్ స్థితి చూడకుండా ఆ హుక్‌కు కోడ్ తగిలిస్తే డబ్బు రాని ఆర్డర్లు కూడా అమ్మకాలైపోతాయి. స్థితి ఫెయిల్డ్ అయితే పంపవద్దన్న షరతు ఒక్క లైన్.

ప్రశ్న: రిపోర్ట్‌లో సగం అమ్మకాలు పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చాయని చూపిస్తోంది. యాడ్స్‌కు దక్కాల్సిన పేరు అది కొట్టేస్తోంది.

జవాబు: కొనేవారు మీ సైట్ నుంచి గేట్‌వేకు వెళ్లి తిరిగొచ్చినప్పుడు, బ్రౌజర్ గేట్‌వే డొమైన్‌ను రిఫరర్‌గా, అంటే వచ్చిన చోటుగా, చెబుతుంది. యూనివర్సల్ ఎనలిటిక్స్‌లో దీనికి కొత్త సెషనే మొదలయ్యేది. జీఏ4లో సోర్స్ మారినంత మాత్రాన సెషన్ తెగదు, కానీ అమ్మకానికి దగ్గరగా తగిలిన రిఫరల్‌గా గేట్‌వే పేరు ఎక్కవచ్చు.

అడ్మిన్, డేటా స్ట్రీమ్స్, మీ వెబ్ స్ట్రీమ్, కాన్ఫిగర్ ట్యాగ్ సెట్టింగ్స్, షో ఆల్, లిస్ట్ అన్‌వాంటెడ్ రిఫరల్స్. ఆ వరుసలో వెళ్లి రిఫరల్ డొమైన్ కంటెయిన్స్ అన్న నియమంతో గేట్‌వే డొమైన్ చేర్చండి. ఒక్క గేట్‌వేతో ఆగకండి. కార్డు పేమెంట్ మధ్యలో బ్యాంకు వారి ధ్రువీకరణ పేజీ తెరుచుకుంటే ఆ డొమైన్ కూడా రిఫరర్ అవుతుంది. సోర్స్ రిపోర్ట్‌లో అమ్మకాలున్న రిఫరల్ వరుసలు మాత్రమే తీసి, పేర్లు చూసి ఒక్కొక్కటే చేర్చండి. ఒక స్ట్రీమ్‌కు 50 దాకా పడతాయి. మార్పు ముందుకే పనిచేస్తుంది, పాత రోజుల లెక్క మారదు.

చెకౌట్ మీదే అయిన ఇంకో డొమైన్‌లో ఉంటే ఈ జాబితా సరిపోదు. అక్కడ కుకీయే మారిపోతుంది. అదే సెట్టింగ్స్‌లో కాన్ఫిగర్ యువర్ డొమైన్స్ కింద రెండు డొమైన్లూ ఇవ్వాలి. అప్పుడు దాటే లింకు చివర జీఎల్ అనే పారామీటర్ తగులుతుంది, రెండో పేజీ దాన్ని చదివి అదే యూజర్ అని పోల్చుకుంటుంది. మధ్యలో సర్వర్ రీడైరెక్ట్ ఒకటి ఆ తోకను కత్తిరించేస్తే అంతా వృథా. ఆ పారామీటర్ ఆయుష్షు కూడా రెండు నిమిషాలే. అదే డొమైన్ కింద ఉన్న సబ్‌డొమైన్లకు ఇవేవీ అక్కర్లేదు, కుకీ పంచుకుంటాయి.

ప్రశ్న: అన్నీ సరిచేశాం. ఇంకా ఆర్డర్ల కన్నా పర్చేజ్‌లు కొంత తక్కువే. ఎంత తేడా ఉంటే మామూలు?

జవాబు: అందరికీ వర్తించే ఒక శాతం చెప్పేవారిని నమ్మకండి. కొనేవారు వాడే బ్రౌజర్లు, పేమెంట్ పద్ధతులు, అనుమతి బ్యానర్, ఇవి ప్రతి స్టోర్‌కూ వేరు. చూడాల్సింది తేడా ఎంతని కాదు, తప్పిపోతున్న ఆర్డర్లకు ఒక పోలిక ఉందా లేదా అని. ఒక వారం ఆర్డర్ నంబర్లను స్టోర్ నుంచి, ట్రాన్సాక్షన్ ఐడీలను జీఏ4 నుంచి షీట్‌లోకి దించి, వీలుకప్‌ (రెండు జాబితాలను పోల్చే షీట్ ఫార్ములా)తో జీఏ4లో లేనివాటిని వేరు చేయండి. వాటికి పేమెంట్ పద్ధతి, ఫోన్ లేదా కంప్యూటర్, దేశం, సమయం పక్కన పెట్టండి.

అన్నీ ఒకే పేమెంట్ పద్ధతివైతే, ఆ దారిలో కొన్నవారు థ్యాంక్యూ పేజీకి తిరిగి రావడం లేదు. డబ్బు యాప్‌లో కట్టేసి అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తారు. లేదా సోషల్ మీడియా యాప్ లోపలి బ్రౌజర్‌లో మొదలుపెట్టిన కొనుగోలు, పేమెంట్ తర్వాత ఫోన్ అసలు బ్రౌజర్‌లో తేలుతుంది. మొదటి రకం అమ్మకం బ్రౌజర్‌లో జరగనే లేదు, దాన్ని ఏ ట్యాగూ పట్టలేదు.

అన్నీ అర్ధరాత్రికి అటూ ఇటూ ఉన్నవైతే ప్రాపర్టీ టైమ్ జోన్, స్టోర్ టైమ్ జోన్ వేరు. ఆర్డర్లు పోలేదు, పక్క రోజులో కూర్చున్నాయి. సంఖ్య సరిపోయి మొత్తాల్లో మాత్రం చిల్లర తేడా ఉంటే, బహుశా వేరే కరెన్సీల్లో అమ్ముతున్నారు. జీఏ4 ముందురోజు మారకం రేటుతో ప్రాపర్టీ కరెన్సీలోకి మారుస్తుంది, మీ బ్యాంకు వేరే రేటు ఇస్తుంది.

ఒకే ప్రాంతపు దేశాలవైతే అనుమతి బ్యానర్ చూడండి. కలెక్ట్ రిక్వెస్ట్‌లో జీసీఎస్ ఎదురుగా జీ111 ఉంటే యాడ్స్, ఎనలిటిక్స్ రెంటికీ అనుమతి ఉన్నట్టు. జీ100 అయితే రెండూ లేనట్టు. జీ101 అంటే ఎనలిటిక్స్‌కు ఉంది, యాడ్స్‌కు లేదు. బేసిక్ కన్సెంట్ మోడ్‌లో అనుమతి ఇవ్వనివారి నుంచి ఏమీ వెళ్లదు. అడ్వాన్స్‌డ్‌లో కుకీ లేని సంకేతం వెళ్తుంది, దాని ఆధారంగా జీఏ4 అంచనా వేస్తుంది. ఆ అంచనా మొదలవ్వాలన్నా రోజుకు కనీసం 1,000 ఈవెంట్లు అనుమతి లేకుండా 7 రోజులు, అనుమతి ఇచ్చిన యూజర్లు రోజుకు కనీసం 1,000 మంది చొప్పున గత 28 రోజుల్లో 7 రోజులు ఉండాలి. చిన్న స్టోర్లకు అది అందే మెట్టు కాదు. ఇంకో మాట, అనుమతి ఇచ్చినవారికి కూడా థ్యాంక్యూ పేజీలో జీ100 వస్తుంటే, బ్యానర్ ఆ పేజీలో పాత ఎంపికను గుర్తుచేసుకునేలోపే ట్యాగ్ పేలుతోందని అర్థం. ఇది మాత్రం మీరు సరిచేసుకోగలిగినదే.

ఏ పోలికా లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి పోతుంటే యాడ్ బ్లాకర్లు, మధ్యలో మూసేసిన ట్యాబ్‌లు. అక్కడ ఆగిపోండి. డబ్బు లెక్కకు స్టోర్ రికార్డే ప్రమాణం, ఏ దారిన వచ్చారన్నదానికి జీఏ4.

ప్రశ్న: తిరిగి రాని కొనుగోళ్ల కోసం సర్వర్ నుంచి మెజర్‌మెంట్ ప్రోటోకాల్‌తో (బ్రౌజర్ లేకుండా జీఏ4కు ఈవెంట్లు పంపే పద్ధతి) పర్చేజ్ పంపుతున్నాం. అమ్మకం పడుతోంది, సోర్స్ మాత్రం అనసైన్డ్, నాట్ సెట్ అని వస్తోంది.

జవాబు: సర్వర్ పంపిన అమ్మకానికి ఆ కొనుగోలుదారు ఎవరో జీఏ4కు తెలియాలంటే క్లయింట్ ఐడీ, ఏ సెషన్‌లో ఉన్నారో తెలియాలంటే సెషన్ ఐడీ కావాలి. చాలామంది క్లయింట్ ఐడీ స్థానంలో అప్పటికప్పుడు ఒక సంఖ్య పుట్టించి పంపుతారు. అప్పుడు ప్రతి అమ్మకం ఆకాశం నుంచి ఊడిపడ్డ కొత్త యూజర్‌దే.

చెకౌట్ మొదలైనప్పుడే ఈ రెండూ బ్రౌజర్ నుంచి తీసి ఆర్డర్ రికార్డ్‌లో దాచండి. కుకీని కోసి తీయకండి. సెషన్ కుకీ జీఎస్1తో మొదలయ్యే రూపం నుంచి జీఎస్2తో మొదలయ్యే రూపానికి మారినప్పుడు, చుక్కల మధ్య మూడో ముక్క తీసుకునే కోడ్‌లన్నీ తప్పు విలువలు పంపాయి. గూగుల్ ట్యాగ్ కోడ్ అయిన జీట్యాగ్‌లో గెట్ అనే ఆదేశం ఉంది. దానికి మెజర్‌మెంట్ ఐడీ, కావాల్సిన పేరు ఇస్తే విలువ తిరిగిస్తుంది. పేమెంట్ వెబ్‌హుక్ (డబ్బు అందిందని గేట్‌వే మీ సర్వర్‌కు పంపే కబురు) రాగానే ఆ రెండు విలువలతో, ఎంగేజ్‌మెంట్ టైమ్‌తో కలిపి పర్చేజ్ పంపండి. ట్రాన్సాక్షన్ ఐడీ బ్రౌజర్ పంపేదాని లాగే ఉండాలి, లేకపోతే పైన చెప్పిన హ్యాష్ కథ మళ్లీ మొదలవుతుంది.

ఈ ప్రోటోకాల్ తప్పు చెప్పదు. చెత్త పంపినా 2తో మొదలయ్యే సమాధానమే ఇస్తుంది. అడ్రస్‌లో ఎంపీ కలెక్ట్ ముందు డీబగ్ అని చేర్చిన అడ్రస్‌కు అదే మూట పంపితే, ఎక్కడ తప్పుందో వాక్యంలో రాసి ఇస్తుంది. అక్కడికి పంపినవి రిపోర్ట్‌లోకి ఎక్కవు. ఆలస్యంగా పంపేటప్పుడు పాత సమయం ఇవ్వొచ్చు, కానీ 72 గంటల వెనక్కే. సమయం మైక్రోసెకన్లలో, అంటే 16 అంకెల్లో ఇవ్వాలి. మిల్లీసెకన్ల 13 అంకెలు ఇచ్చారంటే మీ అమ్మకం 1970 జనవరిలో జరిగినట్టు.

ప్రశ్న: ఫేస్‌బుక్ యాడ్స్ కోసం మెటా పిక్సెల్ (బ్రౌజర్ నుంచి పంపేది), కన్వర్షన్స్ ఏపీఐ (సర్వర్ నుంచి పంపేది) రెండూ పెట్టాక అమ్మకాలు రెట్టింపు అయ్యాయి.

జవాబు: రెండు దారుల నుంచీ ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ రెండూ అచ్చం ఒకేలా వస్తేనే, అవీ 48 గంటల లోపు వస్తేనే మెటా ఒకటిగా లెక్కిస్తుంది. బ్రౌజర్ వైపు ఐడీని వేల్యూ, కరెన్సీలున్న మూడో ఆర్గ్యుమెంట్‌లో ఇరికించడం ఎక్కువమంది చేసే తప్పు. దానికి నాలుగో ఆర్గ్యుమెంట్ వేరుగా ఉంది. పేరు రాసే తీరూ వేరు. బ్రౌజర్‌లో అండర్‌స్కోర్ లేకుండా, ఐడీ పెద్ద అక్షరాల్లో, సర్వర్‌లో అండర్‌స్కోర్‌తో చిన్న అక్షరాల్లో. ఇక్కడ పర్చేజ్‌లో మొదటి అక్షరం పెద్దదే ఉండాలి, జీఏ4 అలవాటుతో చిన్నది చేయకండి.

ప్రశ్న: షాపిఫైలో కస్టమ్ పిక్సెల్‌లో (సొంత ట్రాకింగ్ కోడ్ పెట్టుకునే చోటు) ట్యాగ్ మేనేజర్ పెట్టాం. ప్రివ్యూ చెకౌట్‌లో కలవడం లేదు. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: కస్టమ్ పిక్సెల్ పేజీలో కాకుండా శాండ్‌బాక్స్ అయిన ఐఫ్రేమ్‌లో, అంటే పేజీ లోపల విడిగా మూసి ఉంచిన చిన్న పేజీలో, నడుస్తుంది. ప్రివ్యూ పైపేజీని చూస్తుంది కాబట్టి లోపలి కంటెయినర్‌ను పట్టుకోలేదు. నెట్‌వర్క్ ట్యాబ్, డీబగ్ వ్యూ మాత్రం పనిచేస్తాయి, వాటినే నమ్ముకోండి.

చెకౌట్ కంప్లీటెడ్ ఈవెంట్‌కు చేరి, అందులోని చెకౌట్ వివరాల నుంచి ఆర్డర్ ఐడీ, మొత్తం, కరెన్సీ తీసి పంపాలి. ఇది చెకౌట్‌కు ఒక్కసారే పేలుతుంది, రీలోడ్ కొట్టినా మళ్లీ పేలదు. నకళ్ల బెడద ఇక్కడ తక్కువ. ఆ పేజీ లోడే కాకపోతే అసలు పేలదు, అది నష్టం. పేజ్ లొకేషన్ మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఐఫ్రేమ్ అడ్రస్ వెళ్లి, రిపోర్ట్‌లో శాండ్‌బాక్స్ అన్న మాటతో పొడుగాటి పేజీ పేర్లు కనిపిస్తాయి. ఈవెంట్‌తో పాటు వచ్చే కాంటెక్స్ట్‌లో డాక్యుమెంట్ లొకేషన్ ఉంటుంది, అది తీసుకోండి.

ప్రశ్న: పరీక్ష కోసం పెట్టిన ఆర్డర్లు రిపోర్ట్‌లో ఉండిపోయాయి. తీసేయడం ఎలా?

జవాబు: ఒక్క ఆర్డర్‌ను ఎంచుకుని చెరిపే మీట జీఏ4లో లేదు. అదే ట్రాన్సాక్షన్ ఐడీ, అదే మొత్తంతో రిఫండ్ ఈవెంట్ పంపితే రెవెన్యూ తగ్గుతుంది, పర్చేజ్‌ల సంఖ్య మాత్రం తగ్గదు. తగ్గింపు కూడా రిఫండ్ పంపిన రోజు లెక్కలో పడుతుంది, ఆర్డర్ రోజున కాదు. ఇకముందు పరీక్షలకు వేరే ప్రాపర్టీ పెట్టుకోండి. ట్యాగ్ మేనేజర్‌లో డీబగ్ మోడ్ వేరియబుల్ ఆధారంగా ప్రివ్యూలో ఉన్నప్పుడు టెస్ట్ మెజర్‌మెంట్ ఐడీ, లేనప్పుడు లైవ్ ఐడీ వెళ్లేలా లుకప్ టేబుల్ (ఏ పరిస్థితికి ఏ విలువో చెప్పే పట్టిక) వేయడం పది నిమిషాల పని. లుకప్‌లో డిఫాల్ట్ విలువగా లైవ్ ఐడీనే ఉంచండి.